కొత్త దేశంలో కుదురుకోవడం ఎలా? గుమ్మం నుంచి పొలిమేర దాకా

పరాయి దేశానికి వెళ్లినవాళ్లలో చాలామంది మొదట్లో ఒకే మాట అంటారు: "ముందు కాస్త కుదురుకోనివ్వండి, తర్వాత తీరిగ్గా అన్నీ చూస్తాం." ఆ తీరిక ఏళ్లు గడిచినా రాదు. ఈలోగా ఇల్లు, పని చేసే చోటు, సరుకులు తెచ్చుకునే చోటు, ఈ మూడింటి మధ్యే రోజులు తిరుగుతాయి. ఎన్నాళ్లున్నా ఆ ఊరు కిటికీలోంచి కనిపించే బొమ్మలాగే మిగిలిపోతుంది. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ అలాగే పదకొండు నెలలు గడిపాను. తర్వాత మరో దేశానికి మారినప్పుడు పద్ధతి మార్చాను. దిగిన మూడో రోజు నుంచే నడవడం మొదలుపెట్టాను. ఎవరినీ ఎరగకపోయినా, భాష రాకపోయినా, నాలుగు వీధులు పాదాలకు తెలిసేసరికి గుండెలో బెరుకు సగం తగ్గింది.

అందుకే ఇక్కడ చెప్పబోయే పద్ధతిలో కుదురుకోవడం, ఊరు చూడటం రెండు వేరు పనులు కావు. ఒక చేత్తో కాగితాల పని, మరో చేత్తో దారుల పని. చెరువులో రాయి వేస్తే అలలు ఎలా ఒకదాని వెనుక ఒకటి వెడల్పవుతాయో, మీ గుమ్మం చుట్టూ మీకు తెలిసిన నేల అలా పెరగాలి.

బయల్దేరే ముందు

కాగితాలు సర్దుకోవలసింది విమానం ఎక్కకముందే. జనన ధ్రువీకరణ పత్రం, పెళ్లయితే వివాహ పత్రం, చదువు పట్టాలు, టీకాల చీటీ, డ్రైవింగ్ లైసెన్సు అసలు ప్రతులు చేతిసంచిలో ఉండాలి. వాటి స్కాన్లు మీ దగ్గరొకటి, ఇంట్లో నమ్మకస్తుల దగ్గరొకటి ఉంచండి. 1961లో హేగ్‌లో కుదిరిన ఒప్పందంలో మీరు వదిలి వెళ్లే దేశం, మీరు చేరే దేశం రెండూ ఉంటే, మీ పత్రాలపై అపోస్టిల్ అనే ఒక్క ధ్రువీకరణ సాధారణంగా సరిపోతుంది. లేకపోతే చేరే దేశపు రాయబార కార్యాలయం దాకా నడిచే అటెస్టేషన్ చేయించుకోవాలి. దానికి వారాలు పడుతుంది. అనువాదాల విషయంలో తొందరపడకండి. చాలా దేశాల్లో అక్కడి ప్రభుత్వం గుర్తించిన అనువాదకులు చేసినదే చెల్లుతుంది. ఎవరి అనువాదం చెల్లుతుందో అడిగాకే డబ్బు పెట్టండి.

పేరు సంగతి చిన్నదిగా కనిపించి పెద్ద చిక్కులు తెస్తుంది, ముఖ్యంగా ఇంటిపేరు ముందు రాసుకునే మనకు. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున రెండు వరసలు ఉంటాయి, వరసకు 44 అక్షరాలో అంకెలో బాణపు గుర్తులో. పై వరసలో దేశపు కోడ్ తర్వాత వచ్చేది ఇంటిపేరు. పక్కపక్కనే రెండు బాణపు గుర్తులు వచ్చాక మొదలయ్యేది మీ పేరు. పరాయి దేశపు కంప్యూటర్లకు మీరు అదే పేరుతో తెలుస్తారు. బ్యాంకు, అద్దె ఒప్పందం, ఫోను కనెక్షన్, ఉద్యోగపు కాగితం, అన్నింటిలో అక్షరం పొల్లుపోకుండా అదే వరసలో రాయండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు మీదైతే వెళ్లేముందే సరిచేయించుకోవడం మేలు. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా ఇచ్చేటప్పుడు మీ పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్తుంది, పేరు గడిలో "ఎఫ్‌ఎన్‌యూ" అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దానర్థం. ఆ మూడు అక్షరాలు తర్వాత ప్రతి కార్డు మీదా మీ పేరై కూర్చుంటాయి.

రోజూ వేసుకునే మందులుంటే కంపెనీ పెట్టిన పేరు కాకుండా లోపలి మూలపదార్థం పేరు రాయించుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953 నుంచి ఈ మూలపదార్థాలకు అంతర్జాతీయ పేర్ల జాబితాలు వెలువరిస్తోంది. కాబట్టి ఏ దేశపు ఫార్మసీలోనైనా ఆ పేరు అర్థమవుతుంది. కొన్ని తేడాలు లేకపోలేదు. పారాసిటమాల్‌ను అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు, ఉబ్బసానికి వాడే సాల్బ్యుటమాల్‌ను ఆల్బ్యుటరాల్ అంటారు. ఒక దేశంలో మామూలుగా దొరికే మందు మరో దేశంలో నిషిద్ధం కావచ్చు. సూడోఎఫిడ్రిన్ పాళ్లు ఎక్కువున్న జలుబు మందులను జపాన్ లోపలికి రానివ్వదు. మందులు వాటి అసలు డబ్బాల్లోనే, వైద్యుడి చీటీతో పాటు తీసుకెళ్లండి.

విద్యుత్ పరికరాలు ఎక్కువ మోయకండి. అడాప్టర్ ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుంది గానీ వోల్టేజిని మార్చదు. జపాన్‌లో 100 వోల్టులు, అమెరికాలో 120, ఐరోపాలోనూ ఆసియాలో చాలాచోట్లా 220 నుంచి 240 దాకా. ఫోను ఛార్జర్ వెనుక 100–240 అని రాసి ఉంటే బెంగ లేదు. వేడిచేసే పరికరాలకు మాత్రం ఆ సౌకర్యం సాధారణంగా ఉండదు.

మొదటి వారం: నిద్ర, నంబర్లు, రోడ్డు

మొదటి రెండు రోజులు పెద్ద నిర్ణయాలు తీసుకోకండి. ఒంట్లోని గడియారం కొత్త వేళకు సర్దుకోవడానికి గంట తేడాకు సుమారు ఒక రోజు చొప్పున పడుతుంది. పడమటికి వెళ్లినవారి కంటే తూర్పుకు వెళ్లినవారికి ఎక్కువ కష్టం. దీనికి మంచి మందు పగటి వెలుతురు. అర్ధరాత్రి మెలకువ వచ్చినా, పగలు కళ్లు మూతలు పడుతున్నా, వెలుతురులో అరగంటైనా నడవండి. మొదటి నడక ఇలా మందుగా మొదలవుతుంది కాబట్టి దీన్ని వృథా చేసుకోవద్దు.

అత్యవసర నంబర్లు ఆ రోజే ఫోనులోనూ, తలుపు వెనుక ఒక కాగితం మీదా రాసుకోండి. ఐరోపా సమాఖ్య అంతటా 112, అమెరికా, కెనడాల్లో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000. జపాన్‌లో పోలీసులకు 110, అంబులెన్సుకు, అగ్నిమాపక దళానికి 119. నంబరుతో పాటు మీ చిరునామాను స్థానిక భాషలో పలకడం నేర్చుకోండి. మీరు ఎక్కడున్నారో చెప్పలేకపోతే నంబరు తెలిసినా ఉపయోగం తక్కువ. కొత్త భాషలో నేను మొట్టమొదట నేర్చుకున్న పూర్తి వాక్యం నా వీధి పేరు, ఇంటి నంబరు, అంతస్తు. అద్దం ముందు పాతికసార్లు పలికాను.

మన దేశ రాయబార కార్యాలయంలోనో కాన్సులేట్‌లోనో పేరు నమోదు చేసుకునే వీలుంటే చేసుకోండి. 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం, పరాయి దేశంలో మిమ్మల్ని నిర్బంధిస్తే మీ దేశపు కాన్సులేట్‌కు ఆ సంగతి తెలియజేయాలని కోరే హక్కు మీకుంది. ఆ అవసరం ఎవరికీ రాకూడదు, కానీ ఆ హక్కు ఉందని ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.

ఇక రోడ్డు. ప్రపంచ జనాభాలో దాదాపు మూడింట రెండు వంతుల మంది వాహనాలు కుడిపక్కన నడిచే దేశాల్లో ఉన్నారు. మీరు ఎడమ నుంచి కుడికి మారారంటే, లేదా కుడి నుంచి ఎడమకు, చిన్నప్పటి నుంచి ఒంటపట్టిన అలవాటే మీకు శత్రువు. ఖాళీగా కనిపించే వైపు చూసి అడుగు వేస్తారు, బండి రెండో వైపు నుంచి వస్తుంది. మొదటి నెల రోజులూ రెండు వైపులా రెండుసార్లు చూడండి. ఫోను చూస్తూ రోడ్డు దాటడం ఎక్కడైనా ప్రమాదమే, ఇక్కడ మరీను.

మొదటి నెల: ఇల్లు, నమోదు, ఒక ఫైలు

ఇల్లు కళ్లతో చూడకుండా, లేదా నమ్మకస్తుడు వెళ్లి చూడకుండా ఒక్క పైసా పంపకండి. "నేను ఊళ్లో లేను, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తాను" అనే ఇంటి యజమాని అన్ని దేశాల్లోనూ ఒకేలాంటి మోసగాడు. తొలి కొన్ని వారాలకు తాత్కాలిక బస చూసుకుని, ఆ గడువులో అసలు ఇల్లు వెతుక్కోవడం క్షేమం. ఇల్లు ఖాయం చేసే ముందు ఆ వీధిలోకి రెండుసార్లు వెళ్లండి, ఒకసారి పగలు, ఒకసారి రాత్రి తొమ్మిది దాటాక. పగలు తోటలా కనిపించిన వీధి రాత్రి ఎలా ఉంటుందో కాగితం మీద రాసి ఉండదు.

తాళాలు చేతికి వచ్చిన రోజే, సామాను పెట్టకముందే, గదిగదినీ వీడియో తీయండి. గోడ మీద గీతలు, కుళాయి దగ్గర మరకలు, తలుపు మీద సొట్టలు, కరెంటు, నీళ్లు, గ్యాస్ మీటర్ల అంకెలు అన్నీ అందులో పడాలి. ఆ రోజే ఇంటి యజమానికి రాతపూర్వకంగా పంపండి. ఖాళీ చేసే రోజున డిపాజిట్ వెనక్కి తెచ్చేది ఈ అరగంట పనే. ఒప్పందంలో మూడు సంగతులు తప్పక చదవండి: ఖాళీ చేయడానికి ఎన్నాళ్ల ముందు చెప్పాలి, డిపాజిట్ ఎప్పుడు ఎలా తిరిగి ఇస్తారు, మరమ్మతుల ఖర్చు ఎవరిది.

కొన్ని దేశాల్లో చిరునామా నమోదు చేయించుకోవడం చట్టరీత్యా తప్పనిసరి. జర్మనీలో ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా, జపాన్‌లో 14 రోజుల్లోగా చేయించాలి. ఈ నమోదు కాగితం తాళపుచెవి లాంటిది. బ్యాంకు ఖాతా, ఆరోగ్య బీమా, గ్రంథాలయ సభ్యత్వం చాలాచోట్ల దీని వెనుకే వస్తాయి. కార్యాలయానికి వెళ్లేటప్పుడు అడిగినవే కాకుండా ఉన్న కాగితాలన్నీ వెంట తీసుకెళ్లండి. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ తేదీ వేసి ఒకే ఫైలులో పెట్టండి. పన్నుల లెక్కకూ అదే ఆధారం. చాలా దేశాల్లో ఏడాదిలో 183 రోజులు దాటి ఉంటే పన్ను విషయంలో అక్కడి నివాసిగా లెక్కిస్తారు. కాబట్టి వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ రుజువులతో ఉంచుకోవాలి.

తేదీలు, అంకెలు చదవడంలో జాగ్రత్త. 03/04 అంటే చాలా దేశాల్లో ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4. జర్మనీలో 1.500 అంటే పదిహేను వందలు, 1,5 అంటే ఒకటిన్నర. అద్దె కాగితం మీద ఒక చుక్క, ఒక కామా తారుమారైతే ఎంత తేడా వస్తుందో వేరే చెప్పనక్కరలేదు. సందేహం వచ్చినచోట నెల పేరును అక్షరాల్లో రాయండి.

మొదటి వలయం: పావుగంట నడక

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. మీ గుమ్మం ముందు నిలబడండి. ఏ దిక్కుకైనా సరే, పావుగంటలో నడిచి వెళ్లగలిగినంత మేర మీ మొదటి వలయం. అంటే సుమారు కిలోమీటరు. రోజుకో దిక్కు చొప్పున వారం రోజులు నడవండి. వెళ్లిన దారిన తిరిగి రాకండి. ఫోను జేబులో ఉండనివ్వండి, దారి తప్పితేనే తీయండి. మ్యాపులోని నీలి చుక్కను చూస్తూ నడిచేవారికి చుక్క తెలుస్తుంది గానీ వీధి తెలియదు.

నడిచేటప్పుడు కొన్ని వెతకండి: దగ్గరి ఫార్మసీ, ఆసుపత్రి, రాత్రి కూడా తెరిచి ఉండే ఏదో ఒక చోటు, తపాలా పెట్టె, గ్రంథాలయం, కూర్చోవడానికి బల్ల ఉన్న ఉద్యానవనం, తాగునీటి కుళాయి, వర్షం వస్తే నిలబడగలిగే చూరు. ఇంటికి వచ్చాక చూసినదంతా తెల్లకాగితం మీద గీయండి. బొమ్మ వంకరగా ఉన్నా పరవాలేదు. గీస్తుంటే మీకు తెలియని చోట్లు ఖాళీలుగా బయటపడతాయి. మర్నాడు ఆ ఖాళీలోకి నడవండి. నేను మారిన రెండో దేశంలో గీసిన కాగితం మీద ఇంటికీ రైలు పట్టాలకూ మధ్య ఒక మూల అలా ఖాళీగా మిగిలింది. వెళ్లి చూస్తే అక్కడ కాలవ గట్టున రావిలాంటి పెద్ద చెట్లు, వాటి కింద మట్టి దారి. ఆ దారే తర్వాత రెండేళ్లు నా ఉదయపు నడక అయింది. పెద్ద రోడ్డు మీద తిరిగినన్నాళ్లు అది అక్కడుందనే తెలియలేదు.

దిక్కులు కూడా కొత్తగా నేర్చుకోవాలి. భూమధ్యరేఖకు బాగా దక్షిణాన ఉన్న దేశాలకు వెళితే మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. రుతువులు తలకిందులవుతాయి, డిసెంబరు నడివేసవి. ఎండను బట్టి దారి పోల్చుకునే అలవాటున్నవారికి మొదట్లో ప్రతి మలుపూ తప్పుగానే తోస్తుంది. అదే బాగా ఉత్తరానికి వెళితే, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర డిసెంబరు చివర పగలు ఆరు గంటలు కూడా ఉండదు. అక్కడ చలికాలంలో పని వేళకు ముందో తర్వాతో కాదు, మధ్యాహ్నపు విరామంలోనే నడవాలి. వెలుతురు తగ్గిన నెలల్లో కొందరికి దిగులు కమ్ముకుంటుందని 1984లోనే వైద్యులు ఒక రుగ్మతగా వివరించారు. మనసు బరువెక్కుతుంటే తట్టుకుని ఊరుకోకుండా వైద్యుడితో మాట్లాడండి.

ఒక చోటికి పదే పదే వెళ్లండి

చూసే చోట్లు పెంచుకోవడంతో పాటు ఒక్క చోటును బాగా అలవాటు చేసుకోవాలి. వారంలో ఒకే రోజు, ఒకే వేళకు, ఒకే చోటికి వెళ్లండి. అది గ్రంథాలయం కావచ్చు, ఈత కొలను కావచ్చు, సేవా కార్యక్రమం కావచ్చు, మీ మతానికి సంబంధించిన ప్రార్థనాస్థలం కావచ్చు. మొదటి మూడు వారాలు ఎవరూ పలకరించరు. నాలుగో వారం ఎవరో తల ఊపుతారు. ఆరో వారం రాకపోతే, ఏడో వారం "పోయిన వారం కనిపించలేదే" అని అడుగుతారు. ఆ ప్రశ్న విన్న రోజు నాకు ఇంకా గుర్తుంది. ఆ సాయంత్రం అమ్మకు ఫోను చేసి ముందుగా చెప్పిన సంగతి అదే.

మన భాష మాట్లాడేవారి సంఘం దొరికితే తప్పక వెళ్లండి, మొదటి నెలల్లో వాళ్లు చేసే సాయం ఇంకెవరూ చేయలేరు. కానీ సెలవు రోజులన్నీ అక్కడే గడిపేయకండి. వారంలో ఒక పూటైనా స్థానికుల మధ్య గడపాలి.

భాష విషయంలో నా సలహా ఒకటే. మొదటి మెట్టు ఎక్కాక మాట్లాడదామని ఆగవద్దు. ఐరోపా మండలి 2001లో వెలువరించిన కొలమానంలో భాషా సామర్థ్యానికి ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు ఉన్నాయి. నివాస అనుమతికీ పౌరసత్వానికీ చాలా ఐరోపా దేశాలు వీటినే అడుగుతాయి కాబట్టి మీకు ఏ మెట్టు కావాలో ముందే తెలుసుకోండి. ఆ పరీక్షకు చదువుతూనే, మొదటి వలయంలో రోజూ ఒక మనిషితో ఒక వాక్యం మాట్లాడండి. "ఇది మీ భాషలో ఎలా అంటారు?" అనే ఒక్క ప్రశ్న నేర్చుకుంటే ఊరంతా మీకు బడే.

రెండో వలయం: బస్సు చివరి స్టాపు దాకా

నెల తిరిగేసరికి నెలవారీ పాసు ఏదైనా తీసుకునే ఉంటారు. ఒక సెలవు రోజున మీ ఇంటి ముందు ఆగే బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్లండి. పక్క వారం దాని ఎదురు దిక్కు. కిటికీ పక్కన కూర్చుంటే ఊరి వయసు కళ్ల ముందే మారుతుంది: ఇరుకైన పాత వీధులు, తర్వాత కార్మికుల ఇళ్లు, కర్మాగారాలు, కొత్త అపార్ట్‌మెంట్లు, చివరకు పొలాలో కొండలో సముద్రమో. చివరి స్టాపులో దిగి, ఒక గంట చుట్టుపక్కల తిరిగి, అదే బస్సులో వెనక్కి రండి. ఏ పర్యాటక యాత్రలోనూ ఊరి నడక ఇంత తేటగా అర్థం కాదు.

అయితే దిగగానే చేయవలసిన మొదటి పని తిరుగు బస్సు వేళ చూసుకోవడం. ఇది ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, ఒక ఆగస్టు సాయంత్రం కొండవాలులోని ఒక స్టాపులో 16:40 బస్సు కోసం నిలబడ్డాను. స్తంభానికి గాజు పలక వెనుక వేళల కాగితం ఉంది. 16:40 అని స్పష్టంగా ఉంది. ఐదయింది, ఐదుంపావు అయింది, బస్సు జాడ లేదు. అప్పుడు కాగితానికి ముఖం ఆనించి చూస్తే, 40 పక్కన చీమ తలంత అక్షరం. అదే అక్షరం కాగితం అడుగున మళ్లీ ఉంది, పక్కన ఒక చిన్న వాక్యం. మాటమాటకూ అర్థం వెతుక్కుంటే తేలింది: "బడులు నడిచే రోజుల్లో మాత్రమే." అవి వేసవి సెలవులు. తర్వాతి బస్సు 18:55. ఎండ దిగిపోయింది, పలచటి చొక్కాతో ఉన్నాను, ఫోను బ్యాటరీ అడుగంటింది. కుక్కతో నడుస్తూ వచ్చిన ఒక పెద్దావిడ నన్ను చూసి, కాగితం మీద ఆ అక్షరాన్ని వేలితో తట్టి, నవ్వి, బస్సు వచ్చేదాకా నాతో బల్ల మీద కూర్చుంది. మా ఇద్దరికీ ఉమ్మడిగా పాతిక మాటలు కూడా లేవు.

కాబట్టి వేళల పట్టికలో అంకెల కంటే ముందు అడుగున ఉన్న వాక్యాలు చదవండి. పనిదినాలకు, శనివారానికి, ఆదివారానికి, ప్రభుత్వ సెలవులకు వేరువేరు వరసలు ఉంటాయి. చివరి బస్సుకు ముందు బస్సునే మీ చివరి బస్సుగా లెక్కపెట్టుకోండి.

మూడో వలయం: పొలిమేర దాటి

ఇప్పుడు ఉదయం వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరగలిగిన దూరం. రైల్లోనో బస్సులోనో గంట, గంటన్నర. ప్రసిద్ధమైన చోట్లు ఎవరైనా చూపిస్తారు. ప్రాంతం అర్థం కావాలంటే నా అనుభవంలో రెండు దారులు మేలు.

ఒకటి, నది. చాలా పాత ఊళ్లు నీటి పక్కనే పుట్టాయి. మీ ఊరి నదినో కాలవనో పట్టుకుని ఎగువకు ఒక ఆదివారం, దిగువకు ఒక ఆదివారం వెళ్లండి. వంతెనలు, పాత మిల్లులు, రేవులు, వరద నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో గోడ మీద చెక్కిన గీతలు కనిపిస్తాయి. ఆ గీత మీ తల కంటే పైన ఉంటే ఆ ఊరి గురించి ఒక ముఖ్యమైన సంగతి తెలిసినట్టే, ఇల్లు మారేటప్పుడు పనికొస్తుంది కూడా.

రెండు, ఊళ్ల పేర్లు. మన ఊళ్ల పేర్ల చివర పల్లి, పాలెం, చర్ల ఊరికే రానట్టే అక్కడివీ ఊరికే రాలేదు. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్, వించెస్టర్ లాంటి పేర్లలోని "చెస్టర్" రోమన్ల సైనిక శిబిరాన్ని గుర్తుచేస్తుంది. డెర్బీ, విట్బీలలోని "బీ" సముద్రం దాటి వచ్చి స్థిరపడిన స్కాండినేవియన్ల మాట, ఊరని అర్థం. స్పెయిన్‌లో గ్వాదల్‌కివిర్ అంటే అరబ్బీలో "పెద్ద నది" అనే మాటే కాస్త మారింది. జర్మన్ ఊరి పేరుకు ముందు "బాద్" ఉంటే అక్కడ స్నానపు ఊటలుంటాయని ఊహించవచ్చు. మీరున్న ప్రాంతంలో మళ్లీ మళ్లీ వినిపించే నాలుగు తోకలు ఏరి, వాటి అర్థం గ్రంథాలయంలో అడగండి. ఆ రోజు నుంచి రైలు స్టేషన్ల బోర్డులే మీకు చరిత్ర చెబుతాయి. పర్యాటక సమాచార కేంద్రాలకు కూడా వెళ్లండి. అవి యాత్రికుల కోసమేనని స్థిరపడినవారు అటు తొంగిచూడరు. నడక దారుల మ్యాపులు, జాతరల తేదీలు, సంగ్రహాలయాల్లో ఉచిత ప్రవేశం ఉన్న రోజులు వాళ్ల దగ్గరే దొరుకుతాయి.

కొండల్లోకి, అడవిలోకి నడిచి వెళ్లేటప్పుడు దూరం ఒక్కటే చూస్తే మోసపోతారు. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. సుమారు ఐదు కిలోమీటర్లకు ఒక గంట, దానిపై ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. అంటే 10 కిలోమీటర్ల దారిలో 600 మీటర్ల ఎక్కుడుంటే మూడు గంటలు. విరామాలు, పిల్లలు, బురద ఈ లెక్కలో లేవు. కొత్తవారు సగం సమయం అదనంగా కలుపుకోండి. కాగితం మ్యాపు కొంటే 1:25,000 కొలమానం మంచిది, అందులో నాలుగు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు మ్యాపులో దగ్గరగా ఉన్నచోట ఎక్కుడు నిటారుగా ఉంటుంది. ఫోనులో ఇంటర్నెట్ లేకుండా పనిచేసే మ్యాపును ఇంట్లోనే దించుకోండి. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో నడిచే యాప్‌లలో కాలిబాటలు చాలాచోట్ల వివరంగా ఉంటాయి.

దారి గుర్తుల భాష ప్రతి దేశంలో వేరు. స్విట్జర్లాండ్‌లో పసుపు పలక ఉంటే మామూలు నడక దారి, తెలుపు-ఎరుపు-తెలుపు చారలుంటే కొండ దారి, తెలుపు-నీలం-తెలుపు ఉంటే అనుభవం, సామగ్రి ఉన్నవారికే. మీరున్న దేశంలో ఏ రంగుకు ఏమర్థమో తెలుసుకున్నాకే అడుగు వేయండి. భూమి మీద హక్కూ అంతే. స్వీడన్, నార్వే, ఫిన్లండ్‌లలో ఇళ్లకు, పంటలకు ఇబ్బంది కలగకుండా ఇతరుల నేల మీదుగా కూడా నడిచే హక్కు అందరికీ ఉంది. చాలా దేశాల్లో అలా కాదు, కంచె దాటితే చొరబాటే.

సముద్రం దగ్గర ఒక్క మాట. ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహంలో చిక్కుకుంటే దానికి ఎదురీదకండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది దాన్ని దాటండి. ఈదలేకపోతే తేలుతూ చెయ్యెత్తి పిలవండి. కాపలాదారు ఉన్న చోట, వాళ్లు పాతిన జెండాల మధ్యే దిగండి. స్థానికులెవరూ దిగని నీళ్లలో మీరు దిగవద్దు.

మనసు జారే నెలలు

మొదటి ఉత్సాహం తగ్గాక ఒక దశ వస్తుంది. అక్కడి మనుషులు, వాతావరణం, కార్యాలయాలు అన్నీ చిరాకు పుట్టిస్తాయి, ఇల్లు గుర్తొస్తుంది. మానవశాస్త్రవేత్త కాలెర్వో ఒబెర్గ్ 1954లో ఒక ప్రసంగంలో ఈ స్థితిని సంస్కృతి మార్పు కలిగించే ఆఘాతంగా వివరించి, దానికి దశలున్నాయని చెప్పారు. మరుసటి ఏడాది నార్వేకు చెందిన స్వెర్రె లిస్‌గార్డ్, అమెరికాలో ఉండి వచ్చిన రెండు వందల మందిని అధ్యయనం చేసి, ఆరు నెలల లోపు ఉన్నవారి కంటే, పద్దెనిమిది నెలలు దాటినవారి కంటే, మధ్యకాలం ఉన్నవారే తక్కువగా ఇమిడారని గమనించారు. అందరికీ ఇలాగే జరగాలని లేదు. కానీ ఆరేడు నెలలకు మీకు ఏడుపు వస్తే, మీరు ఓడిపోయారని కాదు, చాలామంది నడిచిన దారి మధ్యలో ఉన్నారని. ఆ నెలల్లో కొత్త చోట్ల జోలికి పోకండి. పాత వలయంలోకి, మీకు బాగా తెలిసిన ఆ నడక దారికి, ఆ బల్ల దగ్గరకు తిరిగి రండి. ఇంటికి ఫోను చేసే వేళ ఒకటి పెట్టుకోండి, రోజంతా ఫోనులో ఉండకండి.

వాహనం, సరిహద్దు

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ అంటే మీ లైసెన్సుకు అనువాదం లాంటిది. అసలు లైసెన్సు పక్కన లేకుండా చెల్లదు. 1949 నాటి జెనీవా ఒప్పందం కింద ఇచ్చేది ఒక ఏడాదికి, 1968 నాటి వియన్నా ఒప్పందం కింద ఇచ్చేది గరిష్ఠంగా మూడేళ్లకు. మీరు నివాసి అయ్యాక మాత్రం నిర్ణీత గడువులోగా స్థానిక లైసెన్సు తీసుకోమని చాలా దేశాలు అడుగుతాయి. గడువు దాటి నడిపితే ప్రమాదంలో బీమా చెల్లకపోవచ్చు.

పక్క దేశం రెండు గంటల దూరంలో ఉన్నా, వీసా నియమం చూడకుండా రైలెక్కకండి. తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న ఐరోపా దేశాలను షెంజెన్ దేశాలంటారు; వాటిలో ఒకదానిలో నివాస అనుమతి ఉంటే మిగతా వాటిలో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా ఉండవచ్చు, అక్కడ ఉద్యోగం చేసే హక్కు మాత్రం దానితో రాదు. అనుమతి కార్డు, పాస్‌పోర్టు రెండూ వెంట ఉండాలి. నివాస అనుమతి గడువు తీరే తేదీకి నాలుగు నెలల ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. అపాయింట్‌మెంట్లు ఆలస్యంగా దొరికే ఊళ్లలో ఆ నాలుగు నెలలూ అవసరమవుతాయి.

ఏడాది తిరిగేసరికి మీ ఊరి నుంచో మరెక్కడి నుంచో ఒక కొత్త మనిషి సూట్‌కేసులతో దిగుతారు. వాళ్లను మొదటి శనివారమే బయటకు తీసుకెళ్లండి. మీ ఇంటి చుట్టూ కాదు, వాళ్ల గుమ్మం చుట్టూ పావుగంట నడవండి. ఫార్మసీ, ఆసుపత్రి, గ్రంథాలయం చూపించండి. చిరునామాను స్థానిక భాషలో పలికించండి. తర్వాత దగ్గరి బస్సు స్టాపుకు తీసుకెళ్లి, వేళల కాగితం అడుగున ఉన్న ఆ చిన్న అక్షరం మీద వేలు పెట్టి చూపించండి.